కావిడి బద్ద ఎంత వంగాలి? ఉద్దానం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 9, 2025, ఆదివారం. కవిటి మండలం, మావయ్య ఇల్లు

ఈ పని ఎందుకు మొదలైందో ముందు రాసుకుంటాను. దసరాకి వచ్చినప్పుడు మావయ్య చొక్కా తీసి దండెం మీద వేస్తుంటే జేబులోంచి మాత్రల అట్ట కింద పడింది. పదింటిలో ఏడు ఖాళీ. తీసి చూస్తే డైక్లోఫెనాక్, నొప్పి మాత్ర. "బుజం లాగేస్తందమ్మా. రేత్రి ఒకటి ఏసుకుంటే నిద్దరడతాది" అన్నాడు. చీటీ ఎవరు రాశారంటే ఎవరూ రాయలేదట, అడిగితే ఇచ్చారట.

మా పెదనాన్న వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. ఈ వీధిలో అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ నొప్పి మాత్ర కిడ్నీని ఏం చేస్తుందో తేలిన విషయమే. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆ మాత్ర అడ్డుకుంటుంది. రోజంతా ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, రాత్రి ఆ మాత్ర వేసుకునే మనిషికి ముప్పు మరీ ఎక్కువ. మావయ్యకి కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాను. ప్రస్తుతానికి బాగానే ఉంది. అది అలాగే ఉండాలి.

నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టుని. బరువులు మొయ్యకండి అని రోజుకి పదిమందికి చెప్తాను. మావయ్యకి ఆ మాట చెప్పి లాభం లేదు. తోటలోంచి కొబ్బరికాయ రోడ్డు మీదికి రావాలంటే కావిడే దిక్కు. ఆటో వచ్చే దారి కాదు, ఇసుక.

ఈ రోజు భుజం పరీక్షించాను. కుడి భుజం మీద, మెడకీ భుజం చివరికీ మధ్య, కాయ కాచి ఉంది. అది ఇరవయ్యేళ్ల నుంచీ ఉన్నదే, అది నొప్పి కాదు. దాని కింద ట్రెపీజియస్ కండరం తాడులా బిగుసుకుపోయింది. బొటనవేలు, చూపుడువేలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతున్నాయట. అది నాకు నచ్చలేదు. బరువైన సంచుల పట్టీలు నొక్కి సైనికులకు చేతి నరాలు దెబ్బతినే జబ్బు ఒకటుంది, రక్‌సాక్ పాల్సీ అంటారు. మెడ పక్క నుంచి చేతిలోకి దిగే నరాల గుత్తి మీద ఒత్తిడి పడితే వచ్చేది. కావిడికీ అదే చోటు.

ఎప్పటి నుంచి అని అడిగితే "పైపు కాణ్ణుంచి" అన్నాడు. పాత వెదురు బద్ద చీలిందని రెండేళ్ల కింద బోరు పని చేసేవాళ్ల దగ్గర అంగుళం జీఐ పైపు ముక్క తెచ్చుకున్నాడు. అది ఎప్పటికీ విరగదు. అది అస్సలు వంగదు కూడా.

అక్కడే ఆగిపోయాను. అప్పుడే ఈ ప్రాజెక్టు నిశ్చయమైంది. భుజం మీద పడే బరువు కొలవాలి. పైపుతో ఎంత, వెదురుతో ఎంత. తేడా ఉంటే, మందు అట్టలో కాదు, బద్దలో దొరుకుతుంది.

నవంబరు 16

మావయ్య చిన్నకొడుకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడికి చెప్పగానే "వదినా, బాత్రూమ్ తూకం యంత్రంలో ఉండే సెన్సార్లు చాలు" అన్నాడు. నాలుగు లోడ్ సెల్స్, ఒక్కోటి యాభై కిలోలది. వాటి సన్నని సిగ్నల్‌ని పెంచి అంకెలు చేసే హెచ్ఎక్స్ 711 బోర్డు ఒకటి, అంకెల్ని ఫోన్‌కి పంపే ఈఎస్‌పీ 32 ఒకటి. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య నాలుగు మూలలా సెల్స్ పెట్టి బిగించాడు. కింది ముక్కకి మెత్తటి పాత దుప్పటి, పై ముక్కకి బద్ద జారకుండా చిన్న గాడి. మా ఇంట్లో దీని పేరు జీను.

తూకం సరిచూడటానికి కిరాణా కొట్టు కాటా తెచ్చాం. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఇక్కడ ప్రతి గడపలో ఉంటాయి. నిండు క్యాను కాటా మీద తూచి, అదే క్యాను జీను మీద పెట్టి, రెండు క్యాన్లు పెట్టి, అంకె రాసుకున్నాం. సాయంత్రానికి అరకిలో తేడాలో చెప్తోంది. మాకు అంత చాలు.

నవంబరు 23

మొదటి నడక. మావయ్య చెరో వైపు ఇరవై కిలోల కొబ్బరికాయలతో, పైపు కావిడితో, పెరట్లో నుంచి చెరువుగట్టు దాకా వెళ్లి వచ్చాడు. భుజానికి తీగలు, మొలకి డబ్బా. వీధి పిల్లలందరూ వెనకే. "ఏటిరా ఇది, నాకేటి కరెంటెట్టేత్తారా?" అంటూనే నడిచాడు పాపం.

ఫోన్‌లో గీత చూసి నీరసం వచ్చింది. దాదాపు చదునుగా ఉంది. నిలబడితే 44 కిలోలు, నడిస్తే కాస్త అటూ ఇటూ. ఇంత కష్టపడి తేలింది ఇదా అనిపించింది. పైపు వల్ల ఏమీ తేడా లేదని రాసుకోబోయాను కూడా.

మావయ్య కొడుకు ఊరుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా బోర్డు గురించే ఆలోచన. చివరికి కారణం పట్టుకున్నాడు. ఆ బోర్డు మామూలుగా సెకనుకి పది రీడింగులే ఇస్తుంది. మావయ్య సెకనుకి రెండు అడుగుల పైనే వేస్తాడు. అంటే ఒక్కో అడుగుకి నాలుగైదు చుక్కలు, ఆ ఒక్కో చుక్క కూడా కాసేపటి సగటే, అసలు శిఖరం ఆ సగటులో కరిగిపోతోంది. చిప్పులో పదిహేనో కాలు నేలకి, అంటే గ్రౌండ్‌కి, కలిపి ఉంది. దాన్ని జాగ్రత్తగా పైకి లేపి కరెంటు వైపు కలిపితే సెకనుకి ఎనభై రీడింగులు వస్తాయి. సన్న సోల్డరింగ్ పని. ఒక బోర్డు కాలిపోయింది, రెండోది నిలిచింది.

ఇలాంటి కొలతలు ఎవరైనా చేయబోతే ఇది ముందే చూసుకోండి. గీత నున్నగా వచ్చిందంటే అక్కడ ఏమీ లేదని కాదు. మన కొలత దాన్ని అందుకోలేకపోయి ఉండొచ్చు.

నవంబరు 30

ఎనభై రీడింగులతో మళ్లీ పైపు. ఇప్పుడు కనిపించింది. నిలబడితే 44. నడకలో ప్రతి అడుగుకీ ఒకసారి 62, 64 దాకా ఎగిసి, మళ్లీ పాతిక దరిదాపులకి దిగుతోంది. నిమిషానికి నూట ముప్పై సార్లు. మావయ్య "లాగేస్తంది" అన్నమాటకి ఇదీ రూపం. ఆయన మోసేది నలభై కాదు. భుజం మీద నిమిషానికి నూట ముప్పై సార్లు అరవై కిలోల గుద్దు.

ఎందుకంటే నడుస్తున్నప్పుడు మన ఒళ్లు తిన్నగా ముందుకు జరగదు. ప్రతి అడుగుకీ నడుము, భుజం నాలుగైదు సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతాయి. బద్ద వంగకపోతే ఆ నలభై కిలోలూ భుజంతో పాటే ఎగరాలి, దిగాలి. కిందికి వచ్చే బరువుని ఆపి మళ్లీ పైకి విసిరేది భుజమే.

రెండు జాగ్రత్తలు తెలిశాయి. ఒకటి, మావయ్య అలవాటుగా ముందు ఉట్టి తాడు చేత్తో పట్టుకుంటాడు. అలా పట్టుకుంటే కొంత బరువు చేతిమీదుగా పోయి జీను తప్పు చెప్తుంది. కొలత నడకల్లో చెయ్యి వదిలేయమన్నాం. రెండు, ఎండెక్కేసరికి జీను సున్నా దగ్గరే కిలోన్నర చూపిస్తోంది. ప్రతి నడకకీ ముందు ఖాళీ జీను అంకె రాసుకోవడమే దీనికి మందు.

సాయంత్రం పసుపు పరీక్ష చేశాం. ఇది నా ఆలోచన, సెన్సార్ అక్కర్లేదు. పైపుకి తడి పసుపు రాసి, భుజం మీద తెల్ల గుడ్డ వేసి, బరువుతో ఒక నిమిషం నిలబడటం. గుడ్డ మీద పడిన మరకని గళ్ల కాగితం మీద పరిచి గళ్లు లెక్కపెట్టాం. పైపు మరక సన్నని చార, పదమూడు చదరపు సెంటీమీటర్లు. అదే చోట పక్కింటి తాత వెదురు బద్ద పెడితే నలభై దాటింది, దాని అడుగు వెడల్పుగా ఉంటుంది కనక. బరువు అంతే, కానీ పైపు కింద ఒక్కో గడి మీద పడేది మూడింతలు. వేళ్ల తిమ్మిరికి నేను ఎక్కువగా అనుమానించేది ఈ సన్న చారనే.

డిసెంబరు 7

కొత్త బద్ద వచ్చింది. సీతంపేట సంత నుంచి తెలిసినాయన తెచ్చిపెట్టాడు. చీల్చి ఎండబెట్టిన గట్టి వెదురు, ఆరడుగుల పైన, రెండు కిలోలు. చూడ్డానికి బలంగా, నిండుగా ఉంది. పైపు నుంచి విముక్తి అనుకున్నాను.

యాభై అడుగులు వేసి మావయ్య కావిడి దించేశాడు. "ఇది తంతందమ్మా. పైపే నయం" అన్నాడు.

గీత చూస్తే ఆయన మాట నిజం. శిఖరాలు 75 దాటాయి. పైపు కంటే వెదురు అధ్వానం! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా లెక్క మొత్తం వెదురు మంచిది అనే నమ్మకం మీద ఉంది.

డిసెంబరు 8, సెలవు పెట్టాను

పొద్దున్నే ఇద్దరం కాగితం ముందు కూర్చున్నాం. చివర్లలో బరువు వేలాడే బద్ద అంటే స్ప్రింగుకి కట్టిన బరువే. ఒకసారి లాగి వదిలితే తన సొంత వేగంతో ఊగుతుంది. ఆ సొంత ఊపు ఎంతో తెలియడానికి బద్ద బలం, వెదురు జాతి ఏమీ అక్కర్లేదు. బరువు వేలాడదీసినప్పుడు కొన ఎంత కిందికి దిగిందో చాలు. దిగిన సెంటీమీటర్లకి వర్గమూలం తీసి, దాంతో 5ని భాగిస్తే సెకనుకి ఎన్ని ఊపులో వస్తుంది. భూమి ఆకర్షణ అంకెల్లోంచి వచ్చే లెక్క ఇది, ఏ బరువుకైనా అంతే.

కొత్త బద్ద 40 కిలోలకి 5 సెంటీమీటర్లు దిగింది. 5ని 2.24తో భాగిస్తే సెకనుకి 2.2 ఊపులు. మావయ్య నడుముకి ఫోన్ కట్టి ఫైఫాక్స్ యాప్‌తో తీసిన అడుగుల లెక్క? సెకనుకి 2.2. సరిగ్గా ఒకటే!

ఉయ్యాల తిరిగి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో తోస్తే ఏమవుతుంది? అదే జరిగింది. ఆయన ప్రతి అడుగూ కావిడిని తోస్తోంది, కావిడి ప్రతిసారీ ఇంకా ఎక్కువగా తిరిగి తంతోంది. అనునాదం అని ఇంటర్‌లో చదివి మార్కులు తెచ్చుకున్నాను. అది మావయ్య మెడ దగ్గర కనిపిస్తుందని అప్పుడు తెలియదు.

అయితే బద్ద సొంత ఊపు అడుగు కంటే బాగా నెమ్మదిగా ఉంటే? అప్పుడు భుజం పైకీ కిందికీ ఆడుతుంది, బద్ద వంగి ఆ ఆటని మింగేస్తుంది, బరువు మాత్రం గాల్లో దాదాపు తిన్నగా సాగిపోతుంది. అడుగుల వేగం బద్ద ఊపుకి ఒకటిన్నర రెట్లు దాటినప్పుడే లాభం మొదలవుతుంది. కచ్చితంగా చెప్పాలంటే రెండుకి వర్గమూలం, 1.41. దానికి తక్కువైతే స్ప్రింగు మేలు చెయ్యదు, కీడే. అంటే సగం వంగే బద్ద, అస్సలు వంగని పైపు కంటే చెడ్డది. నేను ఈ విషయం ఊహించలేదు.

1991లో రోజర్ క్రామ్ అనే పరిశోధకుడు ఇదే సంగతి మీద పరీక్ష చేశాడు. ఆసియాలో కావిళ్లు మోసేవాళ్లని చూసి, ప్లాస్టిక్ గొట్టాలతో వంగే బద్దలు చేసి, మనుషుల్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించాడు. ఖర్చయ్యే శక్తి తగ్గలేదు. మామూలుగా బరువు మోస్తే ఎంత ఆయాసమో అంతే. కానీ భుజం మీద పడే గరిష్ఠ బలం తగ్గింది. నాకు కావలసింది సరిగ్గా రెండోదే. మావయ్య ఆయాసపడటం లేదు, ఆయనకి భుజం నొప్పి.

మధ్యాహ్నం అటక మీద నుంచి తాతయ్య బద్ద దించాం. చీలిక ఉంది కాబట్టి మోయడానికి పనికిరాదు. గుంజకి కట్టి నెమ్మదిగా బరువు వేలాడదీసి చూశాం. 17 సెంటీమీటర్లు దిగింది. సెకనుకి 1.2 ఊపులు. మా తాతయ్యకి వర్గమూలం తెలియదు. ఆయన చేతికి తెలుసు.

డిసెంబరు 14

ఈ వారం కొలతలు లేవు. పెదనాన్నని చూడ్డానికి వెళ్లాను.

కావిడి సంగతి చెప్తే ఆయన కళ్లు వెలిగాయి. ఊళ్లో అందరికంటే ఎక్కువ మోసినవాడు. "నా ఎముక గట్టిదేనమ్మా, ఇన్నేళ్లు మోసాను. కొంచెం కోలుకుంటే చిన్న కావిడెత్తొచ్చా?" అని అడిగాడు.

ఆయన మాటలో సగం నిజం ఉంది. ఎముక రాయి కాదు, ప్రాణమున్న పదార్థం. ఎక్కడ బలం పడితే అక్కడ గట్టిపడుతుంది, పడని చోట కరిగిపోతుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లోనే ఈ సూత్రం రాశాడు. ఆ తర్వాత 1984లో రూబిన్, లానియన్ కోడిపుంజుల రెక్క ఎముక మీద పరీక్ష చేశారు. ఎముకని కదలకుండా ఉంచేస్తే కరిగిపోయింది. రోజుకి నాలుగే నాలుగు సార్లు బలం వేస్తే కరగడం ఆగింది. ముప్పై ఆరు సార్లు వేస్తే పెరిగింది. వందల సార్లు, వేలసార్లు వేసినా అంతకుమించి పెరగలేదు. నా దగ్గరకి వచ్చే ఆడవాళ్లకి ఇది తరచూ చెప్తాను. ఎముకకి కావలసింది రోజంతా చాకిరీ కాదు, కొద్దిసార్లు చురుకైన బలం. మావయ్య భుజం రోజుకి వేలసార్లు తినే గుద్దుల్లో మొదటి కొన్ని ఎముకకి మేలు చేస్తే, మిగతావన్నీ కండరానికీ నరానికీ దండగే.

పెదనాన్న సంగతి వేరు. కిడ్నీ పనిచేయకపోతే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేది కూడా కిడ్నీయే, ఆ పని ఆగిపోతుంది. కాల్షియం తగ్గుతుంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తాయి. అలా ఇన్నేళ్ల కావిడి కట్టిన ఎముక లోపల్నుంచి ఖాళీ అవుతుంది. మామూలు ఎక్స్‌రేలో సుమారు మూడోవంతు పోయేదాకా కనిపించదు కూడా.

ఇదంతా ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు. "కావిడి వద్దు పెదనాన్నా. నెఫ్రాలజీ డాక్టరు గారిని అడిగి, కుర్చీలోంచి చెయ్యి పట్టకుండా లేచి కూర్చోవడం మొదలెడదాం. రోజుకి పదిసార్లు. పడిపోకుండా ఉండటం ముందు" అన్నాను. తలూపాడు. బస్సెక్కేదాకా గేటు దగ్గర నిలబడ్డాడు.

డిసెంబరు 28

బద్ద చెక్కాం. ఊళ్లో వడ్రంగి తాత ఒక్క షరతు పెట్టాడు. "పచ్చ ఏపు ముట్టుకోకూడదు." వెదురులో బలమైన నార బయటి చర్మం వైపే దట్టంగా ఉంటుంది. లోపలికి వచ్చేకొద్దీ పలుచన. కావిడి చివర్లు కిందికి వంగినప్పుడు సాగేది పై అంచు, అందుకే చర్మం పైకి ఉండాలి, లోపలి వైపు గీకాలి. మధ్యలో భుజం మీద ఆనే జానెడు దగ్గర గీకకూడదు, అక్కడే ఎక్కువ బలం పడుతుంది. అక్కడ నుంచి రెండు చివర్లకీ క్రమంగా సన్నబడాలి. కణుపుల దగ్గర ఇంకా మెల్లగా.

గీకడం, బరువు కట్టడం, టేపు పెట్టడం, నడవడం. మూడు విడతలు.

9 సెంటీమీటర్ల దగ్గర శిఖరం 63. పైపుతో సమానం. మావయ్య "తన్నడం తగ్గింది" అన్నాడు గానీ ముఖంలో నమ్మకం లేదు.

13 దగ్గర 53. మొదటిసారి ఆయన గట్టు దాకా ఆగకుండా వెళ్లాడు.

16 దగ్గర 49, 50. నిలబడితే 42, నడిస్తే 50. ఫోన్ ఒకటి కొబ్బరికాయల బుట్టకి కట్టాం. భుజం ఎగురుతోంది, బుట్ట దాదాపు ఎగరడం లేదు. ఆ రెండు గీతలు పక్కపక్కన చూసినప్పుడు మావాడు కేక పెట్టాడు. నాకు కళ్లు చెమర్చాయి.

అక్కడ ఆపేశాం. ఇంకా గీకితే ఇంకొంచెం తగ్గుతుంది గానీ విరిగే ప్రమాదం పెరుగుతుంది. బద్దకి ఆముదం పట్టించి పొయ్యి మీద పొగ తగిలేలా వారం వేలాడదీయమని తాత చెప్పాడు.

ఒక సంగతి మాత్రం మావయ్య నోటి నుంచి విని ఆశ్చర్యపోయాను. సగం బరువుతో వెళ్లేటప్పుడు ఆయన ఎప్పుడూ కావాలని వేగంగా, చిన్న చిన్న అడుగులు వేస్తాడు. ఎందుకు మావయ్యా అంటే "తక్కువెడితే బద్ద బిగిసిపోద్ది. బేగి నడిస్తేగాని సమంగుండదు" అన్నాడు. లెక్క వేసి చూశాం. 40 కిలోలకి 16 సెంటీమీటర్లు దిగే బద్ద, 16 కిలోలకి 6.4 మాత్రమే దిగుతుంది. ఊపు సెకనుకి 2కి చేరుతుంది, అంటే మామూలు నడకతో గొడవ. దాన్ని తప్పించుకోవడానికే ఆయన అడుగు పెంచుతున్నాడు. పరుగూ కాని నడకా కాని ఆ కావిడి నడక మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మోకాళ్లు కాస్త వంచి, తల కదలకుండా, చకచకా పోయే ఆ నడకలో ఇంత లెక్క ఉందని నాకిప్పుడే అర్థమైంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గుర్తొచ్చారు. వెయిట్‌లిఫ్టర్లు కూడా ఇనుప బారు వంగి తిరిగి లేచే క్షణాన్ని పట్టుకుని ఎత్తడం సాధన చేస్తారు. ఆ ఒడుపుని అక్కడ కోచ్ నేర్పుతాడు. ఇక్కడ మా తాతయ్య మావయ్యకి నేర్పాడు, ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

మీ ఇంట్లో కావిడి ఉంటే జీను అక్కర్లేదు, టేపు చాలు. రోజూ మోసే బరువు కట్టి ఎత్తండి. ఖాళీగా ఉన్నప్పుడు కొన ఎంత ఎత్తున ఉందో, బరువుతో ఎంత ఎత్తున ఉందో చూడండి. తేడా 13 సెంటీమీటర్లు దాటితే మంచిది. 4 నుంచి 8 మధ్య ఉంటే అది మీ భుజాన్ని తన్నే బద్ద. గీకడం మాత్రం తెలిసిన చేతికే ఇవ్వండి, కొత్తగా గీకిన బద్దతో మొదటి నాలుగు రోజులు సగం దూరమే వెళ్లండి. వేళ్ల తిమ్మిరి ఉంటే బద్ద మార్చి ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకోండి.

జనవరి, సంక్రాంతి సెలవులు

నవంబరులోనే మావయ్యకి ఒక పని అప్పచెప్పాను. మాత్ర వేసుకున్న రోజున వంటింటి గోడ మీద బొగ్గుతో గీత పెట్టమని. అబద్ధం ఆడకుండా అత్త కాపలా. నవంబరు 9 నుంచి నెలాఖరు దాకా పదకొండు గీతలు. డిసెంబరులో తొమ్మిది. కొత్త బద్ద పొగ నుంచి దించి వాడటం మొదలెట్టిన ఈ పది రోజుల్లో ఒకటి. అది కూడా భోగి ముందు రోజు కట్టెలు కొట్టినందుకు.

ఒక్క మనిషి, పది రోజులు. పండగ సెలవులు కూడా కలిసొచ్చాయి. దీన్ని పట్టుకుని ఎవరికీ ఏ హామీ ఇవ్వను. నొప్పికి వేడి కాపడం, మెడ వ్యాయామాలు కూడా ఇదే సమయంలో మొదలెట్టించాను, ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. వేళ్ల తిమ్మిరి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నరాల పరీక్షకి శ్రీకాకుళం తీసుకెళ్తున్నాను. పైపు అయితే పందిరికి అడ్డుగా కట్టేశారు, అదొక్కటీ నాకు నిశ్చింత.

వీధిలో ఇంకా ముగ్గురు తమ బద్దలు పట్టుకొచ్చారు. ఒకటి 6 సెంటీమీటర్లు, ఒకటి 11, ఒకటి 19. పందొమ్మిది బద్ద ఆసామికి భుజం నొప్పే తెలియదట. ఆరు బద్ద ఆసామి జేబులో కూడా అట్ట ఉంది. ఆయనతో క్రియాటినిన్ పరీక్షకి వస్తానని మాట తీసుకున్నాను.

ఈ సందడంతా గుమ్మంలో కూర్చుని చూస్తున్న అత్త అంది, "మగోళ్ల బుజాలేనేటి? మా తలకాయలు కనబడవా మీకు?"

నిజంగానే కనబడలేదు. అత్త ముప్పై ఏళ్లుగా జీడిమామిడి తోట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. నెత్తి బరువు మీద పరిశోధన లేకపోలేదు. 1986లో కెన్యాలో నెత్తిన మోసే లువో ఆడవాళ్లనీ, నుదుటికి పట్టీ వేసి వీపున మోసే కికూయు ఆడవాళ్లనీ పరీక్షిస్తే, తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా మోసినా ఖాళీగా నడిచినప్పటి కంటే ఎక్కువ శక్తి ఖర్చు కాలేదని తేలింది. అదే విషయం అత్తకి చెప్పాను. "శక్తి సంగతి కాదమ్మా, మెడ సంగతి అడుగుతున్నా" అంది. క్రామ్ దగ్గర నేను నేర్చుకున్న పాఠమే, మళ్లీ మర్చిపోయాను.

కాటా మీద అత్త తట్ట 23 కిలోలు. ఇక్కడ బద్ద లేదు, స్ప్రింగు లేదు, మధ్యలో ఉన్నది ఒక్క చుట్టకుదురు. పాత చీరతో చుట్టినదీ, గడ్డితో చుట్టినదీ, కొబ్బరి పీచుతో చుట్టినదీ మూడు రకాలు అత్త దగ్గరే ఉన్నాయి. పీచుదే మెత్తన అంటుంది. మన చదరపు జీను నెత్తి మీద నిలవదు. గుండ్రంగా, మూడు సెల్స్‌తో, అరచేతి వెడల్పులో చెయ్యాలి. మావాడు కంచం బోర్లించి ప్లైవుడ్ మీద గీత గీశాడు. సెల్స్ విశాఖ నుంచి రావాలి. వచ్చే ఆదివారానికి అత్త ఖాళీ చేసుకుంటానంది.